నలభయ్యో స్తంభం

గుట్ట మీది నీళ్ళ ట్యాంకు గేటు ముందు నుంచి బన్ను సైకిలు దూసుకుపోగానే కోచ్ బొటనవేలు వాచీ మీట మీద పడింది. ఆయన వాచీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పట్టుకుని ఒకసారి చూశాడు.

"ఆరు నిమిషాల మూడు సెకన్లు."

బన్ను సైకిలు దిగలేదు. హ్యాండిల్ మీద తల వాల్చి రొప్పుతోంది. బేకరీలో తెల్లవారుజామునే పిండి పిసికి, ఆ చేతులతోనే వచ్చింది. మోచేతుల దగ్గర పిండి చెమటతో కలిసి ముద్ద కట్టింది. అందరూ ఆమెను బన్ను అనడానికి బేకరీ ఒక్కటే కాదు, బుగ్గలు కూడా కారణం.

"మూడు సెకన్లేగా సార్. కింద మలుపులో ఎదురుగాలి కొట్టింది."

"గాలి అందరికీ ఒకటేనమ్మా."

"లారీ ఒకటి అడ్డమొచ్చింది..."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. మద్దెల మార్చి చూశాం, ఆడేవాళ్ళని కూడా మార్చి చూశాం. మూడేళ్ళ నుంచి కొత్తవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు ఆరు నిమిషాల్లోపు రాలేదు. మీ తరంలోనే దమ్ము లేదు." ఆయన చెయ్యి చాపాడు. "చొక్కా."

బన్ను క్లబ్బు చొక్కా విప్పింది. లోపల పాత బనియను ఉంది. తడిసిన చొక్కాను అక్కడే తొడ మీద పెట్టి నాలుగు మడతలు వేసి, అంచులు సరిచేసి ఇచ్చింది. బేకరీలో బిస్కెట్ల డబ్బాకు కాగితం మడిచినంత శ్రద్ధగా మడిచింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా గుట్ట దిగిపోయింది.

గేటు కమ్మీ పట్టుకుని ఇదంతా చూస్తున్న అమ్మాయి పేరు క్లబ్బులో కత్తెర. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించడం ఆమె పని. పై వారం ఆదివారం పది క్లబ్బుల పందెం ఉంది, జట్టుకు నలుగురు. ఈ క్లబ్బులో పాతవాళ్ళు ముగ్గురు ఉన్నారు, నాలుగో చోటు ఖాళీ. ఈ గుట్టను ఆరు నిమిషాల్లోపు ఎవరు ముందు ఎక్కితే ఆ చోటు వాళ్ళది. మనిషికి ఒక్కటే అవకాశం, తప్పితే క్లబ్బు చొక్కా తిరిగిచ్చెయ్యాలి. మిగిలింది ఇద్దరే. చీటీ తీస్తే బన్నుకు బుధవారం పడింది, కత్తెరకు శనివారం.

సాధనలో ఇప్పటిదాకా కత్తెరకు వచ్చిన మంచి సమయం ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లు.

"నీకు శనివారం ఏడు గంటలకి," అన్నాడు కోచ్ చొక్కాను సంచిలో కుక్కుతూ. "ఏడంటే ఏడు."

ఆయన్ని ఎదురుగా సార్ అంటారు, వెనకాల గడియారం అంటారు. టీ చల్లారడానికి కూడా వాచీ నొక్కే మనిషి.

గురువారం పొద్దున సగం గుట్టలో కత్తెర సైకిలుకు గేరు తీగ తెగింది. ఉన్న గేరులోనే గొలుసు ఇరుక్కుపోయింది. బాగుచేయించడానికి వెళ్తే ఒక రోజు సాధన పోతుంది. ఇంక రెండే రోజులున్నాయి. ఆమె మళ్ళీ కిందికి దిగి, రోడ్డు మీది తెల్లగీత దగ్గర నుంచి ఆ ఒక్క గేరులోనే ఎక్కడం మొదలుపెట్టింది.

మామూలుగా మలుపు మలుపుకూ గేరు మార్చే పనిలో మనసు పడుతుంది. ఇవాళ ఆ పని లేదు. మనసు ఖాళీగా ఉంటే కత్తెర లెక్కపెడుతుంది. అది వృత్తి పెట్టిన జబ్బు. కార్ఖానాలో ముప్పై పొరల గుడ్డ పరిచి ఒకేసారి కోస్తారు. పొర లెక్క తప్పితే సాయంత్రానికి చేతులు లేని చొక్కాలు మిగులుతాయి. అందుకే ఆమె మెట్లెక్కినా లెక్కపెడుతుంది, అన్నం కలిపినా లెక్కపెడుతుంది. ఇప్పుడు కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎన్ని తొక్కుళ్ళో లెక్కపెట్టింది.

పన్నెండు. పన్నెండు. పన్నెండు. మళ్ళీ రెండుసార్లు పన్నెండు.

ఆ తర్వాత పది.

తప్పు లెక్కపెట్టానేమో అనుకుంది. తర్వాతి స్తంభానికీ పదే. అక్కడి నుంచి పైన గేటు దాకా, చావో బతుకో అన్నట్టు తొక్కిన ఆఖరి ఏటవాలులో కూడా, పదే.

గేటు దగ్గర ఒక కాలు నేలకు ఆనించి, నోటితో గాలి పీల్చుకుంటూ వెనక్కి చూసింది. కింద రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది, సులువు. పైన కష్టం. సులువైన చోట తొక్కుళ్ళు ఎక్కువా, కష్టమైన చోట తక్కువా?

ఆ ప్రశ్న ఆమెతో పాటు కార్ఖానాకు వచ్చింది. మధ్యాహ్నం దాకా బల్ల మీద నీలం గుడ్డ పరిచి, నమూనా అట్ట పెట్టి, సుద్దతో గీతలు గీస్తూనే ఉంది. పక్క బల్ల మాస్టారు రెండుసార్లు తలెత్తి చూశాడు.

"ఏంటమ్మా, గుడ్డతో గొడవ పెట్టుకున్నావా? పెదాలు కదులుతున్నాయి."

"మాస్టారూ, ఒకే అట్టని పల్చటి గుడ్డ మీద పెట్టినా, మందం గుడ్డ మీద పెట్టినా గీత మారుతుందా?"

"గుడ్డని బట్టి గీత మారితే అది అట్ట ఎందుకవుతుంది? అప్పడం అవుతుంది."

ఆమె చేతిలో సుద్ద ఆగిపోయింది. చక్రం కూడా అట్టలాంటిదే. గేరు మారనప్పుడు ఒక్క తొక్కుడికి సైకిలు ఎంత జరగాలో అంతే జరుగుతుంది. ఎత్తయినా పల్లమైనా, గాలి ఉన్నా లేకున్నా అంతే. అంటే కింద అయిదు చోట్ల తేడా ఉన్నది రోడ్డు వాలులో కాదు, స్తంభాల మధ్య దూరంలోనే.

కోచ్ గీత ఎలా గీస్తాడో క్లబ్బులో అందరికీ తెలుసు. ఏటా ఒకసారి తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని గేటు దగ్గర నుంచి నడుచుకుంటూ దిగుతాడు, స్తంభాలను పైకే లెక్కపెడతాడు. నలభయ్యో స్తంభం దగ్గర రోడ్డుకు అడ్డంగా గీత గీస్తాడు. ఆయనకు నేర్పిన కోచ్ కూడా అలాగే చేసేవాడట. స్తంభానికి యాభై మీటర్ల చొప్పున నలభై స్తంభాలు. రెండు కిలోమీటర్లు. గుడి గంటలాంటి లెక్క. ఎవరూ తిరిగి కొలవలేదు.

సాయంత్రం బాబాయి వరండాలో కూర్చుని బూట్లు విప్పుకుంటుండగా కత్తెర వెళ్ళి ఎదురుగా నిలబడింది. బాబాయి కరెంటు ఆఫీసులో లైన్‌మన్.

"బాబాయ్, గుట్ట రోడ్డు మీద స్తంభానికీ స్తంభానికీ ఎంత దూరం?"

"ఎందుకే అమ్మడూ, తీగ మీద నడుస్తావా ఏంటి?"

"నవ్వులాట కాదు. చెప్పు."

"యాభై మీటర్లు."

"అన్నిటికీనా?"

బాబాయి రెండో బూటు చేతిలోనే పట్టుకుని ఆలోచించాడు. "కింద మలుపు దగ్గర కాదు. పెద్ద గాలివానకి అక్కడ పోల్స్ పడిపోయాయి చూడు. పాతవి ఇనుపవి, పొట్టివి. కొత్తవి సిమెంటువి, పొడుగు. పొడుగైతే తీగ కాస్త జారినా నేలకి తగలదు. అందుకని అరవై మీటర్లకొకటి పాతాం."

"ఎప్పుడు?"

"నా నడుం పట్టేసిన ఏడాది. మూడేళ్ళయింది. మీ పిన్నిని అడిగినా చెబుతుంది, ఆ మూడు వారాల సేవ గురించి ఇప్పటికీ దెప్పుతుంది."

లోపలి నుంచి పిన్ని గొంతు వచ్చింది. "దెప్పనా మరి? పట్టింది నడుమే, నోరు కాదుగా!"

కత్తెర వేళ్ళు మడిచింది. అయిదు చోట్ల పదేసి మీటర్లు. యాభై మీటర్లు. గుట్ట మీద యాభై మీటర్లంటే తొమ్మిది సెకన్లు. ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లలోంచి తొమ్మిది తీసేస్తే...

మడిచిన వేళ్ళు విప్పి మళ్ళీ లెక్కపెట్టింది. తాను ఎప్పుడో పాసైపోయింది.

బన్ను గుర్తొచ్చింది ఆ తర్వాత.

శుక్రవారం తెల్లవారి ఆరుకల్లా బాబాయి, కత్తెర మలుపు దగ్గర ఉన్నారు. మాస్టారిని బతిమాలి ఆమె నడుం పట్టీ చుట్ట ఒకటి తెచ్చింది. ప్యాంట్ల నడుముల్లో పెట్టి కుట్టే గట్టి గుడ్డ పట్టీ అది, లాగితే సాగదు, చుట్టకు సరిగ్గా యాభై మీటర్లు.

"ఇంత పొడుగు నడుం ఎవరిదే?" అన్నాడు బాబాయి ఒక కొస పట్టుకుంటూ.

"రోడ్డుది. కదలకు."

పైనున్న ఇనుప స్తంభాల మధ్య పట్టీ మొదలు నుంచి కొస దాకా అచ్చంగా సరిపోయింది. రెండో జతకూ అంతే. కొత్త స్తంభాల దగ్గరికి వచ్చేసరికి పట్టీ అయిపోయింది గానీ స్తంభం రాలేదు. కత్తెర మెడలోని టేపు తీసి మిగిలిన దూరం కొలిచింది. పది మీటర్లు, ఒక జానెడు అటూ ఇటూ. అయిదు చోట్లా అదే కథ. గుడ్డ నమూనాల కాగితం ముక్క మీద అన్నీ పెన్సిలుతో రాసుకుంది.

"అసలు మజా చూస్తావా?" అని బాబాయి రోడ్డు పక్క గడ్డిలోకి దిగాడు. తెల్లగీతకు యాభై మీటర్ల ఎగువన, గడ్డి మొదళ్ళలో తుప్పు పట్టిన ఇనుప మోడు ఒకటి ఉంది, జానెడు ఎత్తు. "ఇదీ మీ పాత నలభయ్యోది. పెకలించడానికి రాక నేనే కోశాను."

కత్తెర వంగి చూసింది. మోడు మీద ఒక పక్క తెల్లరంగు మరక.

"వెళ్ళి మీ గడియారానికి చెప్పు మరి," అన్నాడు బాబాయి.

"ఇప్పుడు కాదు."

"ఎందుకు?"

"పరీక్షకి ముందు చెబితే సాకంటాడు. గాలి, లారీ, తర్వాత స్తంభం అంటాడు. రేపు ఎక్కుతాను. పాసు కాకపోతే అప్పుడు తీస్తాను దీన్ని." కాగితాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా వెనక జేబులో పెట్టుకుంది.

బాబాయి ఆమెను ఒకసారి ఎగాదిగా చూశాడు. "నువ్వు గుడ్డలు కత్తిరించడంలో ఉండాల్సిన దానివి కాదే. కోర్టులో ఉండాలి."

శనివారం ఏడుకు నిమిషం ముందు గీత దగ్గర, కొత్త గేరు తీగ వేయించిన సైకిలు మీద కత్తెర ఒక్కతే ఉంది. పైన గేటు దగ్గర కోచ్ ఎర్రగుడ్డ ఎత్తాడు. ఆ గుడ్డ కింద పడగానే ఇక్కడ చక్రం కదలాలి, అక్కడ వాచీ కదలాలి. మలుపు మీదుగా చెట్ల సందులోంచి ఆ ఎర్ర చుక్క ఒక్కటే కనిపిస్తుంది.

చుక్క పడింది.

జేబులో కాగితం ఉందన్న ధీమాతో మొదటి తొక్కుడు తొక్కింది. ఓడినా గెలిచినట్టే కదా అన్న ధీమా. నాలుగో తొక్కుడికల్లా అదే ధీమా కాళ్ళకు బరువయిందని తెలిసింది. కాళ్ళు తొందరపడటం లేదు. ఓడిపోవడానికి ముందే సిద్ధమైన మనిషిలా తొక్కుతోంది. ఎనిమిదో తొక్కుడికి ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

ఎడమ పక్క గడ్డిలో మోడు కనిపించీ కనిపించక వెనక్కి పోయింది. ఇక్కడి నుంచి మొదలవ్వాల్సింది, అనుకుంది. సరే, ఇక్కడి నుంచే మొదలుపెడతాను. చూద్దాం. ఈ యాభై మీటర్లు కూడా మోసుకుని ఆరు నిమిషాల్లో వెళ్ళగలనా? అసలు వీలవుతుందా? ఆ కుతూహలం ధీమా కంటే బాగా పనిచేసింది. పైన ఏటవాలులో సీటు మీంచి లేచి నిలబడింది. చెవుల్లో గుండె చప్పుడు. లెక్కపెట్టడం మానేసింది, పుట్టాక మొదటిసారి కాబోలు.

గేటు దాటాక నాలుగు గజాలు పోయి పక్కకు పడినంత పని చేసింది.

కోచ్ వాచీని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"అయిదు యాభై తొమ్మిది!" ఆయన అరిచాడు. "చూశావా? చూశావా మరి? దమ్మంటే ఇదీ!" సంచిలోంచి నాలుగో నంబరు గుడ్డ తీసి, ఆమె వెనక్కి వెళ్ళి, పిన్నీసులు నోట్లో పెట్టుకుని స్వయంగా వీపుకు గుచ్చడం మొదలుపెట్టాడు. మూడేళ్ళలో ఆయన ఎవరి వీపుకూ కొత్త నంబరు గుచ్చలేదు. "వాళ్ళకి గాలి అడ్డం, లారీ అడ్డం. నీకు లేవా? ఉన్నాయి. ఎక్కావు. అంతే. ఆ బేకరీ పిల్లకి రేపు చెప్పు, సాకులతో పిండి కలిపితే రొట్టె అవదని..."

ఆయన వేళ్ళు జేబు దగ్గర కాగితాన్ని తాకాయి. ఆయన దాన్ని పట్టించుకోకుండా రెండో పిన్నీసు గుచ్చాడు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. అదే వింతగా అనిపించింది ఆమెకు. ఎవరూ అడగరు. నంబరు న్యాయంగానే వచ్చింది, ఎక్కువ దూరం తొక్కి మరీ వచ్చింది. బుధవారం ఒక అమ్మాయి అన్ని మడతలు వేసి ఇచ్చిన చొక్కా మాత్రం ఆ సంచి అడుగున అలాగే ఉంటుంది. తప్పు అట్ట అని తెలిశాక కూడా దాని మీదే గుడ్డ కోస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోబోయింది. ఊహ అందలేదు.

"సార్, ఆగండి. మూడోది గుచ్చకండి."

"గుచ్చుకుందా?"

"కాదు సార్. గీత తప్పు."

"ఏ గీత?" పిన్నీసు పెదాల మధ్య ఆగింది. "నలభై స్తంభాలు. నేను లెక్క తప్పానా?"

"లేదు సార్. నలభయ్యే. నేనూ లెక్కపెట్టాను. స్తంభాలే తప్పాయి."

ఆమె జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన చదివాడు. సైకిలు తీసుకుని బ్రేకులు కిర్రుమనిపిస్తూ కిందికి దిగాడు, వెనకే ఆమె. గడ్డిలో మోడు దగ్గర గొంతుక్కూర్చుని, బూటు కొనతో మట్టి తోసి, తెల్ల మరకను బొటనవేలితో రుద్దాడు.

"నా కుంచే," అన్నాడు నెమ్మదిగా. "గీత అయ్యాక మిగిలిన రంగు స్తంభానికి తుడిచేవాణ్ణి."

లేచి అక్కడి నుంచి తెల్లగీత దాకా అంగలు వేస్తూ నడిచాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ నడిచాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ తిరిగిన రోడ్డును కొత్తగా వచ్చిన మనిషిలా అటూ ఇటూ చూశాడు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న కొలిచాను."

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"ఫెయిలైతే చెబుదామనుకున్నాను సార్."

"పాసయ్యావుగా?"

"అదే సార్ ఇబ్బంది."

ఆయన ముఖంలో ఏదో కదిలింది, అది కోపమో నవ్వో తెలియలేదు. "గీత సరిగ్గా ఉంటే బుధవారమే ఆ పిల్ల పాసు. నీ కంటే ముందు. రూలు ప్రకారం చోటు తనది. అది తెలిసే చెబుతున్నావా?"

కత్తెర చేతులు వెనక్కి పెట్టి, తడుముకుంటూ రెండు పిన్నీసులూ తీసి, గుడ్డ ఆయన చేతిలో పెట్టింది.

బేకరీ వెనక గుమ్మం తెరిచే ఉంది. లోపల పొయ్యి వేడి. బన్ను పొడవాటి బల్ల మీద పిండి ముద్దలు కోసి, అరచేతుల కింద ఒక్కసారికి రెండేసి గుండ్రంగా తిప్పుతోంది. గుమ్మంలో కోచ్‌ని చూసి కూడా చేతులు ఆపలేదు.

"చొక్కా ఇచ్చేశానుగా సార్. సాక్సులు నావే."

కోచ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బుధవారం... నువ్వు మూడు సెకన్లు ఆలస్యం కాలేదు. ఆరు సెకన్లు ముందొచ్చావు. గీత తప్పు గీశాను. నేనే."

బన్ను చేతులు ఆగాయి. ఆయన స్తంభాల సంగతి చెప్పాడు, మోడు సంగతి చెప్పాడు. ఎక్కడా గాలి మీదికీ లారీ మీదికీ తప్పు నెట్టలేదు. బన్ను చివరిదాకా విని కత్తెర వైపు తిరిగింది.

"కొలిచింది నువ్వా?"

"ఊఁ."

"ఇవాళ నీకెంత వచ్చింది?"

"అయిదు యాభై తొమ్మిది."

"ఆ తప్పు గీత నుంచేనా?" బన్ను పెదాలు కదిపి లెక్కవేసింది. "అయితే నా కంటే నువ్వే నాలుగు సెకన్లు వేగం. మరి నంబరు నాకెందుకు తెచ్చారు?"

"వేగానికి కాదమ్మా, ముందు దాటినవాళ్ళకి," అన్నాడు కోచ్. "రూలు."

కత్తెర ఎదురుచూసింది. మర్యాదకైనా ఒక్కసారి వద్దంటుందేమో, తను అడ్డు చెప్పి బలవంతంగా ఇప్పించాలేమో అని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

బన్ను ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుని నంబరు అందుకుంది.

"మొహమాటానికి వద్దంటే ఈయన మళ్ళీ అడిగే రకం కాదు," అంది. "తీసుకుంటున్నాను. నిన్ను బతిమాలను, థాంక్స్ చెప్పి ఏడవను. సరేనా?"

"సరే," అంది కత్తెర.

"వచ్చే వారమంతా పొద్దున్నే నాతో రావాలి. ఎదురుగాలికి ముందు నువ్వుండు, వెనక నేనుంటాను. నా కంటే వేగమైనదాని వెనక తొక్కితేనే నేను పందెంలో నిలబడేది."

"ఒసేయ్, నంబరూ నీకే, గాలి మాత్రం నాకా?"

"వేగం నీకేగా మరి!" బన్ను మళ్ళీ పిండి ముద్దలు అందుకుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. తల వంచుకునే, కొంచెం ఆగి అంది, "బుధవారం నుంచి నాకు నిద్ర లేదే. ఆ మూడు సెకన్లు ఎక్కడ పోయాయా అని రోడ్డంతా మనసులో వెతికాను. రోడ్డే పొడుగైందని తోచలేదు."

బయట ఎండ బాగా ఎక్కింది. కోచ్, కత్తెర సైకిళ్ళు నడిపించుకుంటూ సందు చివరిదాకా వచ్చారు. అక్కడ ఆయన ఆగి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

"ఆరుకీ ఆరు తొమ్మిదికీ మధ్య వచ్చినవాళ్ళు, ఈ మూడేళ్ళలో, ఇంకా నలుగురున్నారు," అన్నాడు. "ఒకడు సైకిలే అమ్మేశాడు. నేను దమ్ము లేదన్నాను." పుస్తకం మూశాడు. "కోపంగా ఉందా నీకు?"

కత్తెర ఆలోచించింది. ఉంది. చోటు పోయింది, వీపు ఖాళీగా ఉంది, అది ఇంకో ఏడాది అలాగే ఉంటుంది. కానీ కోపం కంటే ముందు ఇంకొకటి నాలుక చివర నిలబడి ఉంది.

"ఒకటి అడగొచ్చా సార్?"

"అడుగు."

"ఆరు నిమిషాలే ఎందుకు?"

"అంటే?"

"అయిదున్నర కాదు, ఆరుంబావు కాదు. ఆరే ఎవరు పెట్టారు?"

"మా కోచ్."

"ఆయన దేనితో కొలిచారు?"

సందులోకి వచ్చిన స్కూటరువాడు హారన్ కొట్టినా కోచ్ పక్కకు జరగలేదు. "ఆయన చేతి గడియారంతో," అన్నాడు చివరికి. "అప్పుడది మట్టిరోడ్డు. ఆయన సైకిలుకి గేర్లు కూడా లేవు." తన వాచీ వైపు చూశాడు. "ఆ గడియారానికి సెకన్ల ముల్లు ఉన్నట్టు నాకు గుర్తు లేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

కోచ్ మెడలోని వాచీ తీసి, తాడు చుట్టి, ఆమె గుప్పిట్లో పెట్టాడు. తర్వాత కాలెత్తి తన సైకిలు ఎక్కాడు.

"పద గుట్ట దగ్గరికి," అన్నాడు. "ఆ మోడు దగ్గర నుంచి నేను తొక్కుతాను. నువ్వు పైన గేటు దగ్గర నిలబడి నొక్కు. నాకెంత వస్తుందో చూద్దాం."